చలికాలం శనివారాల్లో గుర్రం మాట వినడం లేదు, కళ్లెం మార్చాలా?

శనివారపు రౌతు
మంగళవారం రాత్రి

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. వారంలో ఐదు రోజులు కుర్చీ మీద, రెండు రోజులు జీను మీద గడుస్తాయి. సవారీ మొదలుపెట్టి రెండేళ్లయింది. గుర్రం నాది కాదు, ఒక మిత్రుడిది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆయన ఎక్కడం మానేసి, శని ఆదివారాలు నాకు అప్పగించారు. పదమూడేళ్ల ఆడగుర్రం. ముదురు గోధుమరంగు ఒళ్లు, నల్ల జూలు, నుదుట తెల్లచుక్క. పేరు కూడా చుక్కే. టేపుతో కొలిస్తే బరువు 470 కిలోల దాకా వచ్చింది.

వానలు ముదిరేదాకా మా ఇద్దరికీ బాగానే కుదిరింది. శనివారం పొద్దున ఏడున్నరకు జీను వేసి బయటికి వెళ్తాం. చెట్ల వెంబడి మట్టిదారి, తర్వాత కొంచెం తారురోడ్డు, చివర ఒక మెట్ట ఎక్కి దిగి వెనక్కి. మొత్తం గంటన్నర. దీన్ని ఇంగ్లీషువాళ్లు హ్యాకింగ్ అంటారు. ఆఫీసులో ఆ మాట అన్నందుకు కంప్యూటర్ల విభాగం వాళ్లు నన్ను ఎగాదిగా చూశారు. ఆదివారం మాత్రం ఇసుక పరిచిన ఆవరణలోనే వలయాలు, మలుపులు, ధైర్యం ఉంటే కాస్త కాంటర్, అంటే తేలికపాటి దౌడు.

చలి పెరిగాక కథ మారింది. గడ్డి మీద తెల్లగా మంచు పట్టిన పొద్దున చుక్క నేనెరిగిన గుర్రం కాదు. జీను వేస్తుండగానే తోక జెండాలా లేస్తుంది. గేటు దాటితే నడక ఉండదు, తాండవమే. ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) అడిగితే కాంటర్ ఇస్తుంది, ఆగమంటే పక్కకు తిరుగుతుంది. మలుపు దగ్గర కట్టెల మోపు మీద ఎవరో కప్పిన నీలం పట్టా ఒకటి ఉంది. అక్టోబరులో చుక్క దాని పక్కనే నిలబడి తీరిగ్గా గడ్డి మేసింది. మూడు వారాల కిందట గాలికి ఆ పట్టా అంచు ఒక్కసారి లేచింది. తర్వాత నాకు గుర్తున్నది ఒక్కటే. నా కుడి రికాబు ఖాళీగా ఊగుతోంది, నేను దాని మెడను కావలించుకుని ఉన్నాను. అప్పటి నుంచి గేటు దగ్గరే పగ్గాలు బిగించి పట్టుకుంటున్నాను. తిరిగొచ్చేసరికి వేళ్లు వాటంతట అవి విచ్చుకోవు.

అడగదలచుకున్నవి మూడు. ఇప్పుడున్నది మధ్యలో ఒక కీలు ఉన్న సాదా కళ్లెం. ఇంకా గట్టిది వేయాలా? చలి తగ్గేదాకా బయటి దారులు మానేసి ఆవరణలోనే ఉండాలా? వారానికి రెండు రోజులే ఎక్కేవాడు ఈ మూడు నెలల్లో గుర్రానికి ఏమైనా నేర్పగలడా, తాను నేర్చుకోగలడా, లేక ఎండలు వచ్చేదాకా రోజులు నెట్టుకురావడమేనా?

దాని రోజువారీ సంగతి కూడా చెబుతాను. పచ్చిక నేల బురదైపోయిందని నెలన్నర నుంచి బయటికి వదలడం లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా గదిలోనే ఉంటుంది. మేత లోటు ఏమీ లేదు. ఎండుగడ్డితో పాటు రోజుకు 3 కిలోల ఓట్స్ దాణా, ఎండాకాలంలో ఇచ్చినట్టే.

ఇంకొక సంగతి ఉంది, పెద్దది కాదనుకుంటాను. మొన్న శనివారం అది మరీ లాగుతుంటే, సరే సరదా తీరనీ అని గేటు దాటిన ఐదు నిమిషాలకే ట్రాట్‌లోకి వదిలాను. ఇరవై నిమిషాలకు మెట్ట మొదట్లో ఆగిపోయింది. మడమలతో పొడిస్తే రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. వెనక కాళ్లు బెత్తెడు బెత్తెడు వేస్తోంది, అంత చలిలోనూ డొక్కలు తడిసిపోయాయి. పొద్దున్నంతా ఎగిరిన గుర్రం ఇప్పుడు అలసిందంటే నమ్మాలా? నాటకం అనుకుని ఇంకో రెండు పొడుపులు పొడిచి, ఎలాగో ఇంటికి తెచ్చాను. గంటన్నర తర్వాత మామూలుగానే గడ్డి తింది. ఆదివారం వాన, ఎక్కలేదు.


గాలిదుమారం
మంగళవారం రాత్రి

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని ఊరికే అనలేదు. పదమూడేళ్ల గుర్రం మీ బలం ఎంతో చూస్తోంది. కళ్లెం మార్చండి, చేతిలో ఒక బెత్తం ఉంచండి, మెట్ట దగ్గర ఆగితే దిగకండి. ఒక్కసారి గెలవనిస్తే ప్రతి శనివారం అక్కడే ఆగుతుంది. రెండు వారాలు గట్టిగా ఉంటే దారికొస్తుంది. నా మగగుర్రంతో ఇలాగే చేశాను.


పాతజీను
బుధవారం తెల్లవారుజాము

శనివారపు రౌతు గారూ, మీ మూడు ప్రశ్నలూ కాసేపు పక్కన పెట్టండి. పెద్దది కాదనుకుంటూ చివర్లో రాశారు చూడండి, నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. మెట్ట దగ్గర ఆగాక చుక్క పోసిన మూత్రం ఏ రంగులో ఉంది? ఆ సాయంత్రం దాని గదిలో నేల మీద పరిచిన పొట్టు మీద మరక చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పిరుదుల కండరాలు చేత్తో నొక్కితే చెక్కలా ఉన్నాయా? ఇది చదవగానే పశువైద్యుడికి ఫోను చేయండి. ఆయన వచ్చి చూసేదాకా ఎక్కవద్దు, ఆవరణలో పరిగెత్తించనూ వద్దు.

అడగడానికి కారణం చెబుతాను. బళ్లు, నాగళ్లు గుర్రాలే లాగిన కాలంలో వాటికి ఆరు రోజులు పని, ఆదివారం సెలవు. సెలవు రోజున కూడా దాణా డబ్బా మాత్రం నిండుగానే పడేది. సోమవారం పొద్దున కాడి కట్టిన పావుగంటకు కొన్ని గుర్రాలు చెమటలు కక్కుతూ, వెనక కాళ్లు బిగుసుకుపోయి, నిలబడ్డ చోటే నిలబడిపోయేవి. దానికి సోమవారపు జబ్బు అని పేరు. మీ చుక్క క్యాలెండరులో సోమవారం శనివారం నాడు వస్తోంది, అంతే తేడా. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. ఇక్కడ పని లేకపోయినా దాణాకు తక్కువ లేదు. ఐదు రోజులు కదలిక లేదు, మూడేసి కిలోల ఓట్స్, ఆరో రోజు ఐదు నిమిషాల నడక, వెంటనే ట్రాట్. ఆ జబ్బును పిలిచి పీట వేసినట్టే.

జరిగేదేమిటంటే కండర కణాలు దెబ్బతింటాయి. వాటిలోని ఎర్రటి పదార్థం, మయోగ్లోబిన్, రక్తంలోకి చేరి మూత్రపిండాల మీద పడుతుంది. మూత్రం ముదురు రంగులోకి మారేది అందుకే. లాక్టిక్ ఆమ్లం పేరుకోవడమే కారణమని ఒకప్పుడు అనుకునేవారు, ఆ లెక్క నిలబడలేదు. కొన్ని గుర్రాలకు పుట్టుకతోనే కండరాల్లో ఆ లోపం ఉంటుంది. కొన్నింటికి మనం మేపే తీరు, పని పెట్టే తీరు తెచ్చిపెడతాయి. మీది ఏ రకమో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, రక్తపరీక్ష చెబుతుంది. నేను పొరబడి ఉంటే సంతోషమే, వైద్యుడికి ఒక రాక ఖర్చు.

మళ్లీ ఎప్పుడైనా అలా ఆగితే వెంటనే దిగండి. నడిపిస్తే సడలుతుందనేది తప్పు, నడిచిన ప్రతి అడుగూ కండరాన్ని ఇంకా చీలుస్తుంది. మీ కోటు విప్పి దాని నడుము మీద కప్పి, అక్కడికే బండి తెప్పించుకోండి. దాని ఎడమ ముందుకాలి మోచేయి వెనక చెయ్యి పెట్టి గుండె చప్పుళ్లు లెక్కపెట్టండి. ఊరికే నిలబడ్డ గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మామూలు. పావుగంట ఆగాక కూడా 60 దాటి ఉంటే అది నొప్పి, నాటకం కాదు.

గాలిదుమారం గారూ, ఆ సామెత నాకూ ఇష్టమే. కానీ మూడు కాళ్ల మీద నడిచే గుర్రానికి ఒక్కోసారి నాలుగో కాలు నిజంగానే నొప్పి పుడుతుంది. బెత్తం తీసే ముందు దిగి చూసుకోవాలి.

ఇక దాణా. 470 కిలోల గుర్రానికి రోజుకు బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం గడ్డి కావాలి. అంటే 7 నుంచి 9 కిలోల పైచిలుకు ఎండుగడ్డి. చలికి వెచ్చదనం ఇచ్చేది ఓట్స్ కాదు, ఆ గడ్డే. పీచు పెద్దపేగులో పులుస్తున్నంతసేపూ లోపల పొయ్యి రాజుకుంటున్నట్టే. చలి పెరిగిన రాత్రి ఇంకో మోపు గడ్డి వేయండి, డబ్బా దాణా వేయకండి. పని లేని రోజుల్లో ఓట్స్ సగానికి పైగా కోసేయాలి. నా చేతిలో ఉంటే పూర్తిగా ఆపి, ఖనిజాల పొడి కలపడానికి గుప్పెడు మాత్రం ఉంచుతాను. నీళ్ల తొట్టి కూడా చూడండి. ఈ బరువు గుర్రం రోజుకు 25 లీటర్లకు తక్కువ కాకుండా తాగాలి. నీళ్లు మంచులా ఉంటే తాగడం తగ్గిస్తుంది. ఒకవైపు పొడి గడ్డి, మరోవైపు తక్కువ నీళ్లు అంటే పేగులో లద్దె గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. చలికాలంలో నేను చూసిన కడుపునొప్పుల్లో ఎక్కువ ఈ రకమే. ఒక బకెట్టు గోరువెచ్చని నీళ్లు, దాణాలో రెండు చెంచాల ఉప్పు చాలా దూరం కాపాడతాయి.

దాణా కన్నా ముఖ్యమైనది రోజూ కదలడం. పచ్చిక బురదైతే ఆవరణలో వదలండి, అదీ కుదరకపోతే ఎవరైనా తాడు పట్టుకుని అరగంట నడిపించినా సరే. ఐదు రోజులు గదిలో పెట్టిన ప్రాణి ఆరో రోజు పట్టాను చూసి ఎగిరిందని కళ్లెం మార్చడమా?

ఉన్న కళ్లెం చాలు. చలి పొద్దున దాన్ని నోట్లో పెట్టే ముందు మాత్రం మీ రెండు అరచేతుల మధ్య నిమిషం సేపు పట్టుకుని వెచ్చబెట్టండి. అనుమానముంటే ఆ ఇనుమును ఒకసారి మీ పెదవికి ఆనించి చూసుకోండి, ఇంకెవరూ చెప్పక్కర్లేదు.


శనివారపు రౌతు
బుధవారం మధ్యాహ్నం

పాతజీను గారూ, మీ జవాబు చదివి గుర్రపుశాలకు ఫోను చేశాను. గది శుభ్రం చేసే ఆయన ఎంతో మామూలుగా చెప్పారు. "శనివారం సాయంత్రం పొట్టు మీద తుప్పునీళ్లలాంటి మరక ఉందండీ, బకెట్టు తుప్పేమో అనుకున్నా" అన్నారు. బకెట్టు ప్లాస్టిక్‌ది.

వైద్యుడు సాయంత్రం వస్తున్నారు. ఇంకేమీ రాయలేకపోతున్నాను. మెట్ట దగ్గర ఎన్నిసార్లు పొడిచానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నాలుగు. ఇక్కడ రాసిన దాని కన్నా ఒకటి ఎక్కువ.


రెండోపూట
బుధవారం రాత్రి

మీరు లెక్కపెట్టుకున్నారు కదా, ఇక చాలు. మనలో చాలామందికి అలాంటి మెట్ట ఒకటి ఉంటుంది. నాకు రెండున్నాయి.

నేనూ వారాంతపు రౌతునే, ఎనిమిదేళ్లుగా. గుర్రం సంగతి పాతజీను గారు చెప్పారు కాబట్టి జీను పైనున్న మనిషి సంగతి నేను చెబుతాను. వైద్యుడు ఎక్కవచ్చు అన్నాక పనికొస్తుంది.

ఐదు రోజులు కదలనిది చుక్క ఒక్కతే కాదు. మీరూ అంతే. కుర్చీలో కూర్చుని కూర్చుని మన తుంటి ముందు కండరాలు కురచబడతాయి. ఆ మీద చలి. ఎక్కగానే మోకాళ్లు పైకి జరుగుతాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఊపిరి బిగబడుతుంది. ఈగ వాలితే చర్మం జలదరించే జంతువు మీద డెబ్భై ఎనభై కిలోల బిగుసుకున్న మనిషి కూర్చుంటే దానికేమని అర్థమవుతుంది? ఎక్కడో పులి ఉంది, నా మీద కూర్చున్నవాడికి కనబడింది, నాకింకా కనబడలేదు. మీరు పట్టా వైపు చూసి ఊపిరి బిగబట్టిన క్షణమే చుక్కకు ఆ పట్టా పులి అయింది.

అందుకని గుర్రపుశాల నుంచి మొదటి పావుగంట ఎక్కకండి. దాని పక్కన నడవండి, గబగబా. మీ ఒళ్లు వేడెక్కుతుంది, దాని ఒళ్లూ వేడెక్కుతుంది. నడిచాక జీను పట్టీ మళ్లీ చూస్తే రెండు రంధ్రాలు వదులై ఉంటుంది. మొదట బిగించినప్పుడు గుర్రం పొట్ట ఉబ్బించి ఉంటుంది. ఎక్కాక ఇంకో పది నిమిషాలు పగ్గాలు పొడవుగా వదిలి నడకే. మెడ కిందికి చాచి, ముక్కుతో ఒక్కసారి బుస్సుమని ఊపిరి వదులుతుంది చూడండి, ఆ శబ్దం కోసం ఆగండి. నాకు గడియారం కన్నా అదే గురుతు. ఊపిరి బిగబట్టే అలవాటు మీకుంటే పట్టా దగ్గర ఏదో ఒకటి పాడండి. పాడే మనిషి ఊపిరి బిగబట్టలేడు. నా గొంతు విని నా గుర్రం బెదరలేదంటే మీ గొంతుకూ బెదరదు.

పాదరక్షలు. చలికని మందపాటి బూట్లు వేసుకుంటున్నారా? రికాబులో పెట్టి రెండు వైపులా చిటికెనవేలు దూరేంత సందు ఉందో లేదో చూడండి. లేకపోతే పడ్డప్పుడు కాలు ఇరుక్కుంటుంది, గుర్రం ఈడ్చుకుపోతుంది. నేను చూశాను, మళ్లీ చూడదలచుకోలేదు. పలుచని మేజోళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకోండి కానీ బూటు మాత్రం మామూలుదే ఉండాలి. చేతితొడుగులూ అంతే. మందమైనవి వేసుకుంటే పగ్గం తెలియదు, తెలియక ఇంకా గట్టిగా పట్టుకుంటాం.

తారురోడ్డు మీద చలికాలపు ఎండ వాలుగా పడుతుంది. మీ నీడ మీ ముందు పొడవుగా సాగిందంటే సూర్యుడు మీ వీపు వెనకున్నాడు, అంటే ఎదురొచ్చే డ్రైవరు కళ్లలో కొడుతున్నాడు. ఆయనకు మీరు కనబడటం లేదు. నీడ చూసి దారి పక్కకు దిగడం నాకు ఎనిమిదేళ్లలో అబ్బిన అన్నిటికన్నా పనికొచ్చే విద్య. మెరిసే పసుపు చొక్కా పగటి మసక వెలుతురులో పనిచేస్తుంది. వెండి పట్టీలు హెడ్‌లైటు పడితేనే మెరుస్తాయి. రెండూ కావాలి. ఎండలోంచి చెట్ల నీడలోకి వెళ్లేటప్పుడు చుక్క తటపటాయిస్తే తిట్టకండి. వెలుతురు మారినప్పుడు గుర్రం కన్ను సర్దుకోవడానికి మన కంటికన్నా ఎక్కువసేపు పడుతుంది, పైగా మంచు కరగకుండా జారుడుగా ఉండేదీ ఆ నీడలోనే. నేల రాయిలా గడ్డకట్టిన రోజున నడక ఒక్కటే. లోతు బురదలో కూడా నడకే, అక్కడ కీళ్ల సంగతి అటుంచి స్నాయువులు తెగుతాయి.

నడక ఒక్కటేనా అని నిరుత్సాహపడకండి. నేను నేర్చుకున్నదాంట్లో సగం జనవరి నడకల్లోనే. ఆవరణలో నాలుగు దుంగలు 80 సెంటీమీటర్ల దూరంలో పేర్చి నడిపించండి. కళ్లు దుంగల మీద కాకుండా దూరంగా ఉన్న చెట్టు మీద పెట్టండి. ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం, పగ్గం లాగకుండా నడుము నిలపడంతోనే ఆగుతుందా చూడండి. కాలు ఆనిస్తే పక్కకు రెండడుగులు వేస్తుందా? ఇవి వస్తే పట్టా ముందు అది తిరగబోయినప్పుడు మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. తర్వాత ట్రాట్‌లో దుంగలు 1.3 మీటర్లకు జరపాలి. బయట ట్రాట్‌లో లేచి కూర్చునేటప్పుడు మీరు ఎప్పుడూ గుర్రం ఒకే వైపు భుజం ముందుకు వచ్చినప్పుడే లేస్తున్నారేమో గమనించండి. సరళరేఖలో వెళ్తున్నామని ఎవరూ మార్చరు, నెలలు గడిచేసరికి గుర్రం ఒక పక్కే గట్టిపడుతుంది. నేను కరెంటు స్తంభాలు లెక్కపెట్టి మారుస్తాను.

వచ్చాక చెమట పట్టి ఉంటే దట్టమైన దుప్పటి వెంటనే కప్పేయకండి. తడిసిన వెంట్రుకలు నలిగి అంటుకుపోతే వెచ్చదనం నిలవదు. ముందు ఎండుగడ్డి చుట్టతో వెంట్రుకలకు ఎదురుగా రుద్ది, తడి పీల్చే పలుచని గుడ్డ కప్పి, చెవుల మొదలు ముట్టుకుని చూడండి. చెవులు చల్లగా తడిగా ఉన్నంతసేపూ మీరు ఇంటికి వెళ్లలేరు. గిట్టల సందులు కూడా తప్పనిసరిగా గీకాలి. తడి పొట్టులో నిలబడే గుర్రానికి అరికాలు కుళ్లుతుంది. వాసన ముక్కుకు తగిలిందంటే అప్పటికే ఆలస్యం.


గాలిదుమారం
గురువారం

మూత్రం సంగతి చదివాక నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఎగరడం గురించి మాత్రం ఇప్పటికీ అంటాను, మెత్తదనం వేరు, అయోమయం వేరు. మీరు పగ్గం లాగుతూ మడమతో పొడిచారని రాశారు. ఆగమంటున్నారా, వెళ్లమంటున్నారా? ఏదో ఒకటి స్పష్టంగా చెబితే చాలా గుర్రాలు ఒప్పుకుంటాయి. ఇది కోపంగా అనడం లేదు.


పాతజీను
గురువారం

ఇప్పుడు చెప్పింది బాగుంది. సామెత కన్నా బాగుంది.


శనివారపు రౌతు
ఆరు వారాల తర్వాత

బాకీ తీర్చుకోవడానికి వచ్చాను.

ఆ బుధవారం వైద్యుడు రక్తం తీశారు. కండరాలు దెబ్బతింటే రక్తంలో రెండు ఎంజైములు పెరుగుతాయట. ఒకటి గంటల్లో ఎగిసి మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది, రెండోది నిదానంగా ఎక్కి వారాల పాటు నిలుస్తుంది. చుక్క రక్తంలో మొదటిది దాదాపు దిగింది, రెండోది పైనే ఉంది. ఆ కాగితం చూసి "ఇది నిన్నటిది కాదు, నాలుగు రోజుల కిందటిది" అన్నారు ఆయన. నేను తేదీ చెప్పకముందే. మూత్రపిండాలు బాగున్నాయి. మళ్లీ మళ్లీ వస్తే పుట్టుకతో ఉన్న లోపమా అని పరీక్షిద్దాం, ఇప్పటికి మేత, కదలిక మారుద్దాం అన్నారు.

మిత్రుడికి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆయన గుర్రాన్ని నేను అలా నడిపించుకొచ్చానని చెప్పాలి, ఆయన ప్రేమగా పెట్టించే దాణా కోయమనీ చెప్పాలి. మొదటిది విని ఏమీ అనలేదు. రెండోది విని గంటసేపు వాదించారు. "చలికి ఎండిపోతుంది" అని ఒకే మాట. చివరికి డబ్బా పక్కన బరువు కొలిచే టేపు వేలాడదీశాం. పక్షానికి ఒకసారి కొలుస్తాం, తగ్గితే ఓట్స్ మళ్లీ మొదలుపెడతాం. ఆరు వారాల్లో మూడు సార్లు కొలిచాం, తగ్గలేదు. గడ్డి మాత్రం తూచి 9 కిలోలు వేస్తున్నారు. తుప్పు మరక చూసిన ఆయనే ఇప్పుడు పొద్దున్నే దాన్ని ఆవరణలో వదులుతున్నారు, మంగళ గురువారాల్లో అరగంట చేత్తో నడిపిస్తున్నారు. పొట్టు మీద ఏ మరక కనబడినా నాకు ఫోటో వస్తుంది. ఆఫీసు సమావేశాల మధ్యలో అలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు.

రెండు వారాలు ఎక్కలేదు. మళ్లీ రక్తం తీసి, సరే అన్నాక మొదటి శనివారం రెండోపూట గారు చెప్పినట్టే పక్కన నడిచాను. పావుగంట నడిచేసరికి నేను కోటు విప్పాను. పట్టీ చూస్తే నిజంగానే రెండు రంధ్రాలు వదులు. ఎక్కాను. పది నిమిషాలకు మెడ దించి బుస్సుమంది. అంత శబ్దం చేస్తుందని నాకు రెండేళ్లలో తెలియదు, ఎప్పుడూ అంతసేపు ఆగలేదు కాబట్టి.

పట్టా అక్కడే ఉంది. అంచు ఇంకా ఊగుతూనే ఉంది. ఇరవై అడుగుల దూరంలో చుక్క ఆగి, చెవులు రెండూ దాని మీద నిలిపింది. జీను కింద వీపు పైకి లేవడం నాకు తొడలకు తెలిసింది. పాడదామని నోరు తెరిస్తే ఒక్క పాటా గుర్తు రాలేదు. రెండో ఎక్కం మొదలుపెట్టాను. రెండెనిమిదుల పదహారు దగ్గర వీపు దిగింది. రెండు తొమ్మిదుల దగ్గర తోక ఎత్తి అక్కడే లద్దె వేసి, పట్టా పక్కనుంచి నడిచిపోయింది. నేను ఇరవై దాకా పూర్తి చేశాను.

నాలుగు శనివారాలు నడకే. ఎనిమిది కిలోమీటర్లు నడిస్తే చాలా చూడవచ్చని తెలిసింది, కాలివేళ్లు చచ్చుబడతాయనీ తెలిసింది. ఆదివారాలు దుంగలు. నడుము నిలిపితే పగ్గం లేకుండా ఆగడం మూడో వారానికి వచ్చింది, పదిసార్లలో ఏడుసార్లు. గాలిదుమారం గారు అన్నది నా విషయంలో నిజం. చేతులు ఆగమంటుంటే మడమలు పొమ్మన్నాయి. ఇప్పటికీ కంగారుపడితే అదే చేస్తాను, కాకపోతే చేస్తున్నానని తెలుస్తోంది. కళ్లెం పాతదే. ఎక్కే ముందు చంకలో పెట్టుకుంటున్నాను, అరచేతులకన్నా అక్కడే త్వరగా వెచ్చబడుతుంది.

నిన్న శనివారం మొదటిసారి ట్రాట్ చేశాం, రెండు విడతల్లో పది నిమిషాలు. మెట్ట ఎక్కి దిగాం. ఆ చోట తెలియకుండానే ఊపిరి బిగబట్టాను, చుక్క ఒక చెవి వెనక్కి తిప్పి నా సంగతి ఏమిటో కనుక్కుని ముందుకు సాగింది. వచ్చాక పిరుదులు నొక్కి చూశాను, మెత్తగా ఉన్నాయి. చెవులు పొడిగా వెచ్చగా అయ్యేదాకా రుద్ది ఇంటికి వెళ్లాను.

ఈ పొద్దున మంచం దిగబోతే నా తొడలే చెక్కలయ్యాయి, మెట్లు పక్కవాటుగా దిగాను. పాతజీను గారు అడగకముందే చెబుతున్నాను, రంగు మామూలుగానే ఉంది.